చేపపిల్లలకి ఏ చెక్క పెట్టాలి: చెనక్కాయ, సోయా, నువ్వులు, పత్తి

మొన్న శ్రీకాళహస్తి అవతల నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కైకలూరు నుంచి పిల్ల దించుకున్నా. ఆవులకని తెచ్చిన పత్తి చెక్క రెండు మూటలు ఇంట్లోనే ఉండాయి. తవుట్లో కలిపి చల్లేస్తే సరిపోదా?" అన్నాడు. సరిపోదని చెప్పడానికి అర నిమిషం పట్టింది. ఎందుకు సరిపోదో, మరి ఏం పెట్టాలో చెప్పేసరికి ముప్పావు గంట అయింది, మధ్యలో అతని ఫోన్లో చార్జింగ్ అయిపోతే వాళ్ల నాయన ఫోన్ నుంచి మళ్లీ చేశాడు. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఈసారి రాసి పెడుతున్నా. చెక్క అంటే ఇక్కడ గింజల్లోంచి నూనె తీశాక మిగిలే పిప్పి.

ఇది కిలో చేపల మేత గురించి కాదు. పెద్ద చేప మేతలో తేడా వచ్చినా కొంత తట్టుకుంటుంది. అంగుళం పిల్ల తట్టుకోదు, తట్టుకున్నా పెరగదు. మన చిత్తూరు, తిరుపతి వైపు చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకి. కార్ప్ పిల్ల, అంటే బొచ్చె, శీలావతి లాంటి చేపల పిల్ల, హేచరీల్లో ఎక్కువగా తయారయ్యేది జూన్ నుంచి ఆగస్టు లోపల. ఈ రెండింటి మధ్య నెలల్లో పిల్లని చిన్న గుంటలోనో ఫారం పాండ్‌లోనో సాకి, వేలెడు పిల్ల అయ్యాక పెద్ద చెరువులో వదలడం మనకి కుదిరే పద్ధతి. అంగుళం పిల్లని నేరుగా చెరువులో వదిలితే కొర్రమీనులూ నీటిపాములూ కొంగలూ పండగ చేసుకుంటాయి. కాబట్టి ఈ రెండు మూడు నెలల మేతే మన అసలు ఖర్చు, అసలు టెన్షన్ కూడా.

ఏ చెక్క మంచిది అని అడిగే ముందు మీ పిల్ల ఎక్కడ ఉందో చెప్పండి. మట్టి గుంటలో ఉందా, టార్పాలిన్ పరిచిన గుంటలోనో సిమెంటు తొట్టిలోనో ఉందా? చాలామంది ఈ తేడా పట్టించుకోరు, సగం గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

మట్టి గుంటలో స్పాన్, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల, వదిలేవాళ్లకి పాత పద్ధతి ఒకటుంది, చెనక్కాయ చెక్క, తవుడు సమానంగా కలిపి, పొడి చేసి, గుడ్డలో జల్లించి చల్లడం. లక్ష స్పాన్ బరువు సుమారు 140 గ్రాములు. దానికి మొదటి 5 రోజులు రోజుకి 560 గ్రాములు, అంటే పిల్ల బరువుకి 4 రెట్లు, ఆ తర్వాత రోజుకి కిలో 120 గ్రాములు, అంటే 8 రెట్లు వేస్తారు. 6 నుంచి 8 మిల్లీమీటర్ల పిల్ల తన ఒంటికి ఎనిమిది రెట్లు ఎలా తింటుంది అని మీకు అనుమానం రావాలి. తినదు. మిగిలినదంతా నీళ్లలో ఎరువై, దాని మీద సూక్ష్మజీవులు పెరిగి, వాటిని తిని జంతు ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికి ఆనని చిన్న జీవులు, పెరిగి, ఆ ప్లాంక్టన్‌ని పిల్ల తింటుంది. భువనేశ్వర్ కౌసల్యాగంగలో ఉన్న మంచినీటి చేపల పెంపకం కేంద్ర సంస్థ, అదే సీఫా, నర్సరీ చెరువుకి చెప్పే ఎరువులోనే హెక్టారుకి 750 కిలోల చెనక్కాయ చెక్క, 200 కిలోల పేడ, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఉంటాయి. అంటే అక్కడ చెక్క కొంత మేత, కొంత ఎరువు. నీళ్లు ఆకుపచ్చగానో లేత గోధుమరంగులోనో బతికి ఉన్నంత కాలం పాత పద్ధతే చాలు, అందులో ఉన్న లోటుని ప్లాంక్టన్ పూడుస్తుంది. ఆ 15, 20 రోజులకి ఖరీదైన మేత కొనాల్సిన పని లేదని నా అభిప్రాయం.

లోటు బయటపడేది ఆ తర్వాత. పిల్ల అంగుళం దాటి, ఆకలి పెరిగి, గుంటలో ఒత్తిడి ఎక్కువై, పుట్టిన ప్లాంక్టన్ పుట్టినట్టే ఊడ్చేస్తున్నప్పుడు. టార్పాలిన్ గుంటలోనూ సిమెంటు తొట్టిలోనూ అయితే మొదటి రోజు నుంచే. అప్పుడు పిల్ల ఒంటికి పట్టేది మీరు చేత్తో వేసిందే, ఇక చెక్కల మధ్య తేడాలన్నీ లెక్కలోకి వస్తాయి.

తేడా ఎక్కడుందంటే లైసిన్ దగ్గర. ప్రొటీన్ శాతం ఒక్కటే చూసి కొంటే మోసపోతాం. ఇంటికి ఇటుకలు నాలుగు లారీలు దించి సిమెంటు పది మూటలు తెస్తే, గోడ సిమెంటు అయిపోయిన చోట ఆగుతుంది, మిగతా ఇటుకలు వాకిట్లో పడి ఉంటాయి. చెక్కల్లో సిమెంటులాగా తక్కువ పడేవి లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు. కార్ప్ జాతి పిల్లకి తినే ప్రొటీన్‌లో లైసిన్ సుమారు 5.7 శాతం ఉండాలి. సోయా ప్రొటీన్‌లో 6 శాతం పైనే ఉంటుంది. చెనక్కాయ ప్రొటీన్‌లో మూడున్నర దగ్గరే. నువ్వుల్లో ఇంకా తక్కువ. వాడుకలో పడని ప్రొటీన్ ఊరికే పోదు, అమ్మోనియా అయి మళ్లీ మీ నీళ్లలోకే వస్తుంది.

ఇక ఒక్కొక్కటి.

చెనక్కాయ చెక్క మన ఇంటిది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాలి. ఎక్స్‌పెల్లర్ మిల్లు నుంచి వచ్చిన దాంట్లో ప్రొటీన్ 40 నుంచి 45 శాతం, నూనె 7, 8 శాతం దాకా మిగులుతుంది. పిల్లలు ఇష్టంగా తింటాయి, పీచు తక్కువ, పొడి సులభంగా అవుతుంది, అరుగుతుంది. లైసిన్ తక్కువ అన్నది ఒక లోపం, అది కలుపుకుని సరిచేసుకోవచ్చు. సరిచేసుకోలేనిది బూజు విషం, అఫ్లాటాక్సిన్.

1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి, కారణం వెతికితే మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసే విషం కాబట్టి ఆ పేరులోంచే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దాదాపు అదే కాలంలో అమెరికాలో ట్రౌట్ చేపల హేచరీల్లో చేపలకి కాలేయంలో గడ్డలు వచ్చాయి, అక్కడ దొరికిన దొంగ ఏదంటే బూజు పట్టిన పత్తి గింజల చెక్క. ట్రౌట్ ఈ విషానికి చాలా సున్నితమైన చేప, మన బొచ్చె, శీలావతి అంత కాదు, కానీ పిల్ల దశలో పెరుగుదల పడిపోవడం, జబ్బులకి లొంగడం మాత్రం మనవాటికీ తప్పదు.

నాకు ఎలా తెలుసంటారా. నాలుగేళ్ల కిందట డిసెంబరులో ఆరు మూటలు తెచ్చా. మిల్లు పేరు వద్దులెండి, ఆయన కావాలని చేసింది కాదు. చెక్క చూడ్డానికి బాగానే ఉంది, లేత పసుపు, వాసన కూడా వేయించిన పప్పు వాసనే. మూడో వారం వల లాగితే పిల్ల తల పెద్దది, ఒళ్లు సన్నం, అరచేతిలో వేసుకుంటే గింజుకోకుండా మెత్తగా పడుకుంది. ఒకదాన్ని బ్లేడుతో కోసి చూశా, ముదురు ఎరుపులో ఉండాల్సిన కాలేయం పాలిపోయి, పసుపు కలిసిన మట్టి రంగులో ఉంది. మిగిలిన చెక్కని ల్యాబ్‌కి పంపితే అఫ్లాటాక్సిన్ పరిమితికి చాలా పైన వచ్చింది. పశువుల దాణాకి మామూలుగా చూసే హద్దు కిలోకి 20 మైక్రోగ్రాములు, దాన్నే 20 పీపీబీ అంటారు. పిల్ల మేతకి అంతకంటే తక్కువే ఉండాలని నేను చూసుకుంటా.

మన వైపు ఈ బెడద ఎందుకు ఎక్కువంటే కాలం అలాంటిది. జూన్, జూలైలో వేసిన చెనక్కాయ పీకే రోజులకి వానలు దిగుతాయి. కాయ ఊరే చివరి రోజుల్లో ఎండ పడితే భూమిలోనే బూజు పడుతుంది, పీకాక వాన పడితే కుప్పలో పడుతుంది, ఎటు చూసినా ఇబ్బందే. తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన నారాయణి వేసినా ధరణి వేసినా తడిసిన కాయకి బూజు ఒకటే. పైగా నూనె తీస్తే విషం నూనెతో పోదు, ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. ఉడకబెట్టినా పోదు. రాత్రంతా నానబెట్టి పొద్దున ఉడికించి పెడుతున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ ధీమా వదులుకోండి. ఆ చెక్కని "చేపలకి వద్దులే, ఆవుకి పెడదాం" అనుకోవడం ఇంకా తప్పు, ఆవు తిన్నది రూపం మార్చుకుని పాలల్లోకి వస్తుంది.

కాబట్టి చెనక్కాయ చెక్క కొంటే బోర్ల కింద వేసి వేసవిలో పీకిన పంట చెక్క కొనండి, అది పొడిగా ఆరుతుంది. నవంబరు, డిసెంబరులో కొత్త చెక్క అని ఎవరైనా గొప్పగా చెబితే రెండుసార్లు ఆలోచించండి. ముక్క విరిస్తే పటుక్కున విరగాలి, వంగి విరిగితే తేమ ఉన్నట్టు. లోపల ఆకుపచ్చ, బూడిద రంగు నూగు కనిపిస్తే అక్కడే వదిలేయండి. కనిపించకపోయినా విషం ఉండొచ్చు, నాకు జరిగింది అదే, అందుకే పెద్ద మొత్తం కొనేటప్పుడు ల్యాబ్ పరీక్ష ఖర్చు దండగ అనుకోవద్దు. మేతలో కలిపే బంకమట్టి లాంటి టాక్సిన్ బైండర్లు కొంత పట్టుకుంటాయి నిజమే, కానీ వాటిని నమ్ముకుని చెడ్డ చెక్క కొనడం సీటు బెల్టు ఉంది కదా అని కళ్లు మూసుకుని బండి నడపడమే.

కల్తీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. గాజు గ్లాసులో నీళ్లు పోసి గుప్పెడు చెక్క పొడి వేసి కలిపి పది నిమిషాలు వదలండి. పొట్టు పైకి తేలుతుంది, ఇసుక అడుక్కి చేరుతుంది. పక్కన తెలిసిన మంచి చెక్కతో ఇంకో గ్లాసు పెడితే తేడా మీ ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. యూరియా కలిపిన చెక్కని మాత్రం ఈ గ్లాసు పట్టదు. ల్యాబ్‌లో మామూలు ప్రొటీన్ పరీక్ష నత్రజనిని కొలిచి ప్రొటీన్ లెక్క కడుతుంది, కాబట్టి యూరియా కలిపితే కాగితం మీద ప్రొటీన్ ఎక్కువ కనిపిస్తుంది. యూరియా ఉందో లేదో విడిగా చూడమని అడగాలి.

సోయా చెక్క మన పంట కాదు, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర నుంచి రావాలి, కోళ్ల దాణా అమ్మే డీలర్ల దగ్గర దొరుకుతుంది. ప్రొటీన్ 44 నుంచి 48 శాతం, లైసిన్ దండిగా ఉంటుంది, మూటకీ మూటకీ తేడా తక్కువ. మెథియోనిన్ కొంచెం తక్కువ. నా దగ్గర అంగుళం దాటిన పిల్లకి ప్రధాన చెక్క ఇదే, సందేహం లేదు. అయితే సోయాలో ట్రిప్సిన్ ఇన్హిబిటర్ అని ఒకటి ఉంటుంది, ప్రొటీన్‌ని అరిగించే ఎంజైమ్‌ని అది అడ్డుకుంటుంది. సరిగ్గా వేడి చేస్తే పోతుంది, అందుకే ఫ్యాక్టరీలో వేడి చేసిన సోయా చెక్క మాత్రమే వాడాలి, పచ్చి సోయా గింజలు దంచి పెట్టకూడదు. వేడి చాలిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు చెంచాల సోయా పొడి, చిటికెడు యూరియా, కొంచెం నీళ్లు ఒక సీసాలో పోసి మూత బిగించి అరగంట వెచ్చని చోట పెట్టండి. మూత తీయగానే ముక్కు అదిరేలా అమ్మోనియా వాసన వస్తే ఆ సోయా ఇంకా పచ్చిదే, తిరిగి ఇచ్చేయండి. అతిగా మాడినా పనికిరాదు, మాడితే లైసిన్ దెబ్బతింటుంది. లేత బంగారు రంగు మంచిది, కాఫీ పొడి రంగు వద్దు.

నువ్వుల చెక్క, అంటే తెలగపిండి. గోదావరి జిల్లాల్లో దీంట్లో మునగాకు వేసి కూర వండుకుంటారు, మనం చేపలకి పెడుతున్నాం. ప్రొటీన్ 40 శాతం దగ్గర, లైసిన్ చాలా తక్కువ, కానీ సోయాకి తక్కువ పడే మెథియోనిన్ దీంట్లో బాగా ఉంటుంది. అందుకే ఒంటరిగా పనికిరాదు, సోయా పక్కన నూటికి 10 పాళ్లు వేస్తే చక్కగా జత కుదురుతుంది. పొట్టుతో తీసినదైతే చేదు, ఆక్సలేట్లు ఉంటాయి కాబట్టి అంతకు మించి వెళ్లొద్దు. ఈ మధ్య చెక్క గానుగ నూనె దుకాణాలు వీధికొకటి వచ్చాయి కదా, వాళ్ల దగ్గర తాజా తెలగపిండి దొరుకుతుంది. నూనె ఎక్కువ మిగిలి ఉంటుంది కాబట్టి రెండు వారాల్లో వాడేయాలి, ముక్కిపోయిన వాసన వస్తే పిల్లకి పెట్టొద్దు.

పత్తి చెక్క. మన జిల్లాల్లో పాడి ఎక్కువ, ప్రతి ఇంట్లో ఈ మూట ఉంటుంది, అదే చిక్కు. పొట్టుతో ఉన్న దాంట్లో ప్రొటీన్ 22, 25 శాతమే, మిగతాదంతా పీచు. దానికి తోడు గాసిపాల్ అనే విషం, అది లైసిన్‌ని కూడా పట్టేసుకుంటుంది. ఎదిగిన ఆవు పెద్ద పొట్టలో గాసిపాల్ చాలా వరకు కట్టుబడిపోతుంది, చేపపిల్లకి ఆ పొట్ట లేదు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపితే గాసిపాల్ కొంత కట్టుబడుతుంది, పెద్ద చేపల మేతలో అలా చేసేవాళ్లున్నారు. పిల్లకి మాత్రం వద్దే వద్దు.

ఆవ చెక్క బెంగాల్ రైతులు తరతరాలుగా వాడుతున్నారు, మనకి దూరాభారం, ఘాటు కూడా ఎక్కువ, వదిలేయండి. పొద్దుతిరుగుడు చెక్కలో పొట్టు పీచు ఎక్కువ. కొబ్బరి చెక్కలో ప్రొటీన్ 20 శాతం పైమాటే, తవుడు బదులుగా కొంచెం వేసుకోవచ్చు. బియ్యం డీడీజీఎస్ అని ఒకటి వస్తోంది, నూకలు పులియబెట్టి ఆల్కహాల్ తీశాక మిగిలే పిప్పి, ప్రొటీన్ 40 శాతం పైన ఉంటుంది, ధర ఊరిస్తుంది. ఎండబెట్టేటప్పుడు మాడితే లైసిన్ పోతుంది, బూజు విషాల భయమూ ఉంది. ఫింగర్లింగ్, అంటే వేలెడు పిల్ల, దాటాక చూసుకోండి.

ఒక్క హెచ్చరిక, నవ్వుకోవద్దు, జరిగింది కాబట్టే చెబుతున్నా. ఇప్ప చెక్క మూట, చెనక్కాయ చెక్క మూట ఒకే షెడ్డులో పెట్టకండి. ఇప్ప చెక్క పిల్ల వదలక ముందు గుంటలోని పిచ్చి చేపల్ని చంపడానికి వేసేది, ఎకరం గుంటలో మీటరు నీటికి వెయ్యి కిలోల లెక్కన. దాంట్లో ఉండే సాపోనిన్ అనే పదార్థం చేప మొప్పల్నీ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. దాని విషం విరిగేందుకు రెండు మూడు వారాలు ఆగాకే పిల్ల వదలాలి. ఆముదం చెక్క, వేప చెక్క పొలానికే.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు వారానికొకలా ఉంటాయి, కాబట్టి లెక్క కట్టే తీరు మాత్రం చెబుతా. ఊరికే అనుకుందాం, సోయా కిలో 50 రూపాయలు, చెనక్కాయ చెక్క 48, పత్తి చెక్క 35. ప్రొటీన్ 46, 44, 22 శాతం అయితే కిలో ప్రొటీన్‌కి సోయాలో 109 రూపాయలు, చెనక్కాయలో 109, పత్తిలో 159 పడుతుంది. చవక అనుకున్న పత్తే ఖరీదైంది చూశారా. ఇప్పుడు లైసిన్ లెక్క వేయండి. సోయాలో 2.9 శాతం, చెనక్కాయలో 1.5 శాతం ఉంటే, వంద గ్రాముల లైసిన్‌కి సోయాలో 172 రూపాయలు, చెనక్కాయలో 320. కిలో ధరలో రెండు రూపాయల తేడా చూసి సంబరపడేవాళ్లు ఈ లెక్క ఒకసారి మీ ఊరి ధరలతో వేసుకోండి.

నేను అంగుళం దాటిన పిల్లకి కలిపేది వంద కిలోలకి ఇలా ఉంటుంది. సోయా 40, చెనక్కాయ చెక్క 20, తెలగపిండి 10, చేపపొడి 8, నూనె తీసిన తవుడు 18, మిగతా 4 కిలోల్లో మోనో కాల్షియం ఫాస్ఫేట్, చేపనూనె, విటమిన్ల మిశ్రమం. ప్రొటీన్ 38 శాతం పైన వస్తుంది, అందులో లైసిన్ 5.2 శాతం దగ్గర. కావాల్సినదానికి కొంచెం తక్కువే, పావు కిలో లైసిన్ పొడి కలిపితే సరిపోతుంది, కానీ ముద్ద చేసి పెట్టాలి, పొడిగా చల్లితే లైసిన్ నీళ్లలో కరిగిపోతుంది. పాత చెక్క, తవుడు సగం సగం లెక్క వేస్తే ప్రొటీన్ 28 శాతం, అందులో లైసిన్ 3.7 శాతం. ప్లాంక్టన్ లేని తొట్టిలో పిల్ల ఎందుకు పెరగలేదో ఈ రెండు అంకెలే చెబుతాయి. చెనక్కాయ చెక్క మీద నమ్మకం లేని నెలల్లో ఆ 20 కిలోలూ తీసేసి సోయా 55కి పెంచి, మిగతా 5 కిలోలు చేపపొడి వేస్తా.

చేపపొడి మొత్తం మానేయొచ్చు కదా అని శాకాహారం మీద అభిమానం ఉన్నవాళ్లు అడుగుతారు. పెద్ద కార్ప్ చేపలకి మానేయొచ్చు. పిల్లకి ఆ 8 కిలోలు రుచి కోసం, మెథియోనిన్ కోసం ఉంచండి. పచ్చిగా చెప్పాలంటే దాని వాసనకే పిల్ల మేత దగ్గరికి వస్తుంది.

ఫాస్ఫరస్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి ఒక ముక్క. చెక్కల్లో ఫాస్ఫరస్ ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది, చేపకి దక్కదు. బొచ్చె, శీలావతి, మోసు, వీటన్నిటికీ ఆమ్లం ఊరే జీర్ణాశయమే లేదు, నోటి దగ్గర నుంచి నేరుగా పొడుగు పేగే. అందుకే కోళ్ల దాణాకి వాడే డైకాల్షియం ఫాస్ఫేట్ వీటికి సగం కూడా అందదు, మోనో కాల్షియం ఫాస్ఫేట్ బాగా అందుతుంది. కిలోకి కొన్ని రూపాయలు ఎక్కువైనా అదే కొనండి. వెన్ను వంకర, మొప్ప మూతలు పొట్టిగా ఉండడం కనిపిస్తే నేను ముందు అనుమానించేది దీన్నే. జిలేబీ చేపకి (తిలాపియా) జీర్ణాశయం ఉంది, ఈ విషయంలో దానికి కొంచెం వెసులుబాటు.

కొర్రమీను పిల్ల తెచ్చుకున్నవాళ్లకి ఈ చెక్కల లెక్క వర్తించదు. అది మాంసం తినే చేప, పిల్ల దశలో చెక్క పొడి చల్లితే ఒకదాన్నొకటి తింటాయి.

కంపెనీ నర్సరీ మేత సంగతేంటి? మీ దగ్గర 20 వేల పిల్ల ఉండి, తలా 10 గ్రాములకి తెచ్చారనుకోండి, మొత్తం 200 కిలోల చేప, కిలోకి కిలోన్నర లెక్కన 300 కిలోల మేత. ఈ మాత్రానికి నాలుగు రకాల చెక్కలు తెచ్చి, మర ఆడించి, జల్లించి, ల్యాబ్‌కి పంపి, ఇంట్లో వాళ్ల చేత తిట్లు తినడం అవసరమా? నేనైతే కంపెనీ మేతే కొంటా, మూట మీద తయారీ తేదీ చూసుకుని. లక్ష పిల్ల, రెండు లక్షల పిల్ల సాకేవాళ్లకే సొంత మిశ్రమం గిట్టుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నవాళ్లు నలుగురు కలిసి కలుపుకోండి.

వేయడం ఎలా అంటే, ఫ్రైకి, అంటే అంగుళం పిల్లకి, ఒంటి బరువులో 8, 10 శాతం, ఫింగర్లింగ్ అయ్యేసరికి 5 శాతానికి దించండి. వారానికోసారి వంద పిల్లల్ని తూకం వేస్తే తప్ప ఈ శాతాలకి అర్థం లేదు. పొద్దున, సాయంత్రం రెండు పూటలు. నాయుడుపేట, గూడూరు వైపు రొయ్యల వాళ్లు వాడే చెక్ ట్రే ఒకటి తెచ్చి ముద్ద అందులో పెట్టండి, గంట తర్వాత పైకి లాగితే అంతా తెలిసిపోతుంది. ఖాళీ ట్రే అయితే రేపు కొంచెం పెంచాలి. ముద్ద మీద జిగురు పొర పట్టి ఉంటే ఈ పూట మానేయాలి. తుఫాను మబ్బు పట్టిన రోజుల్లో, ముఖ్యంగా తెల్లవారుజామున పిల్ల పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే, ఎంత మంచి సోయా అయినా వేయొద్దు, ఆ రోజు పస్తు ఉన్నా పోయేదేం లేదు.

మూటలు నేల మీద కాకుండా కొయ్య పలకల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టండి. మన డిసెంబరు గాలికి గోడ కూడా చెమటోడుస్తుంది. 20 రోజులకి సరిపడా మాత్రమే కొనండి.

శ్రీకాళహస్తి కుర్రాడు నిన్న మళ్లీ చేశాడు. సోయా తెచ్చాడట, యూరియా సీసా పరీక్ష చేస్తే వాసన రాలేదట, పత్తి చెక్క ఆవులే తింటున్నాయట. ఇప్పుడు అతని గొడవ వేరే. ఊళ్లో పిండి మర ఆయన సోయా చెక్క ఆడనన్నాడట, "నా మరలో రేపు ఇడ్లీ రవ్వ ఎవురు ఆడిస్తారు రా" అని. కారం మిషన్‌లో ఆడించుకోమన్నా, కాకపోతే ముందు ఐదు కిలోల తవుడు ఆడించి మిషన్ కడిగినట్టు చేసి, ఆ తవుడు మాత్రం గుంటలో వేయకుండా పారేయమని చెప్పా.